యంత్ర పరిచయం: నీటిధార ఒక్కటే సాక్ష్యం కాదు

గత సంచికలో ఈ శీర్షిక క్రింద వంటింటి ప్రెషర్ కుక్కరుకు ఉండే సేఫ్టీ వాల్వును గురించి ముచ్చటించుకొన్నాము. దానిని చదివిన మన అగ్నిమాపక, రక్షణ విభాగాల సోదరులు కొందరు ఒక కోరికను మా ముందుంచారు. నదీతీరాలలోను, జలాశయాల ప్రక్కన ఉన్న మన యూనిట్లలో వరద సమయానికి అక్కరకు వచ్చేందుకు రక్షణ పడవలను సిద్ధంగా ఉంచుకొంటున్నాము. వాటి వెనుక బిగించే అవుట్‌బోర్డ్ మోటార్లలో పెక్కు వయసు మళ్ళినవి. అవి నడిమధ్యలో వేడెక్కి ఆగిపోకుండా, ఆ వేడిని ముందుగానే పసికట్టే ఉపాయం ఏదని వారి ప్రశ్న. ఈసారి దానికే సమాధానం చెప్పుకొందాము.

ఇది పడవ నడిపే పదిమందికి మాత్రమే సంబంధించిన విషయమనుకొని మన గృహిణులు, విద్యార్థులు పుట త్రిప్పివేయవద్దని మనవి. 2018 ఆగస్టులో కేరళ రాష్ట్రాన్ని వరదలు ముంచెత్తినప్పుడు అక్కడి మత్స్యకారులు తమ పడవలను లారీల కెక్కించి చెంగన్నూరు వంటి లోపలి పట్టణాలకు తరలించి, మిద్దెల మీద చిక్కుకొన్న వేలాది మందిని ఒడ్డుకు చేర్చారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం నీట మునిగినప్పుడు వీధులే కాలువలయ్యాయి. మనుష్యులు బయటికి రావడానికీ, పాలు, మంచినీరు వారిని చేరడానికీ పడవలే దిక్కయ్యాయి. అటువంటి వేళ ఇంజను ఆగిపోతే పడవ సరంగు చేతిలో ఉండదు, ప్రవాహం చేతిలో ఉంటుంది. వంతెన స్తంభానికి తగిలినా, తీగలకు చిక్కుకొన్నా జరిగే అనర్థం ఇంజను ఖరీదుతో పోల్చదగినది కాదు. ఆ పడవలో ఉన్నది ఎవరి బిడ్డయినా కావచ్చును.

పడవ వెనుక వ్రేలాడే ఇంజను

పడవకు వెలుపల, వెనుక పలకకు మరలతో బిగించి, పని తీరగానే ఊడదీసి మోసుకొని పోగలిగిన ఇంజనును అవుట్‌బోర్డ్ మోటారు అంటారు. నార్వే దేశంలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరంలో దీనిని తయారుచేసి అమ్మకానికి పెట్టాడు. జపాను దేశపు యమహా సంస్థ 1960లో ఈ రంగంలో అడుగిడింది. ఎవిన్‌రూడ్ పేరిట మోటార్ల తయారీ మాత్రం 2020లో నిలిచిపోయింది. తయారీ నిలిచిన యంత్రం మన షెడ్డులో ఉన్నదంటే, దాని గుండెకాయ చెడితే మరొకటి దొరకడం నానాటికీ కష్టమవుతుందని గ్రహించవలెను. కనుక పాత మోటారును వేడి నుండి కాపాడుకోవడం పొదుపుకు పొదుపు, భద్రతకు భద్రత.

కారుకు రేడియేటరు ఉన్నట్లు ఈ మోటారుకు ఉండదు. చుట్టూ ఉన్న నీరే దానికి రేడియేటరు. నీటిలో మునిగి ఉండే క్రింది భాగంలో, ప్రొపెల్లరుకు కొంచెం పైన, జల్లెడ వంటి రంధ్రాలున్నాయి. నీరు వాటి గుండా లోనికి వస్తుంది. ఆ పైన ఇంపెల్లరు అనే రబ్బరు రెక్కల చక్రం ఒకటి తిరుగుతూ ఆ నీటిని సన్నని గొట్టం ద్వారా పైనున్న ఇంజనుకు ఎక్కిస్తుంది. నీరు సిలిండర్ల చుట్టూ తిరిగి, వేడిని పుచ్చుకొని, పొగతో కలిసి క్రిందికి దిగిపోతుంది. మధ్యలో థర్మోస్టాట్ అనే చిన్న తలుపు కాపలా ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు అది మూసుకొని ఉండి, తగినంత వెచ్చబడగానే తెరుచుకొంటుంది. పాత రెండు స్ట్రోకుల మోటార్లలో ఈ తలుపు సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర తెరుచుకొనేవి కొన్ని, 60 డిగ్రీలు దాటిన తరువాత తెరుచుకొనేవి కొన్ని. కారు ఇంజను 90 డిగ్రీల దగ్గర పనిచేస్తుంటే దీనిని ఇంత చల్లగా ఎందుకు ఉంచారన్న సందేహం సహజమే. సముద్రజలంలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. లోహం వేడి పెరిగినకొద్దీ వాటిలోని సున్నపు లవణాలు లోపలి దారులలో గట్టిగా పేరుకొంటాయి. ఆ పేరుకొనడాన్ని తగ్గించడానికే ఇంజనును చల్లగా నడిపిస్తారు.

ఈ చిన్న రబ్బరు చక్రం మీద ఎంత భారం ఉన్నదో ఒక లెక్క చూద్దాము. 25 అశ్వశక్తుల మోటారు పూర్తి వేగంతో నడిచేటప్పుడు ప్రొపెల్లరుకు ఇచ్చే శక్తి సుమారు 18 కిలోవాట్లు. ఇంచుమించు అంతే శక్తి వేడి రూపంలో చల్లబరిచే నీటిలోకి పోవలసి ఉంటుంది. మన ఇళ్ళ స్నానాల గదులలో ఉండే 2 కిలోవాట్ల గీజర్లు తొమ్మిదింటిని ఒకేసారి వేసినంత వేడి అది. ఆ వేడిని నిమిషం నిమిషం మోసుకొని పోవలసిన నీరు రాకపోతే ఏమవుతుందో ఊహించవచ్చును.

జరిగేది ఇది. పిస్టను అల్యూమినియంతో చేసినది. అది కదిలే సిలిండరు గొట్టం సాధారణంగా పోత ఇనుముతో చేసినది. వేడికి అల్యూమినియం ఇనుము కంటె దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. 70 మిల్లీమీటర్ల వ్యాసం గల పిస్టను 100 డిగ్రీలు అధికంగా వేడెక్కితే సుమారు 0.16 మిల్లీమీటర్లు లావెక్కుతుంది. గొట్టం అందులో సగమే విచ్చుకొంటుంది. తేడా 0.08 మిల్లీమీటర్లు, అనగా ఒక తలవెంట్రుక మందం. ఆ రెంటి మధ్య వదిలిన సందు కూడ ఇంచుమించు అంతే. సందు పూడిపోగానే నూనెపొర తెగి, లోహం లోహాన్ని గీరి, పిస్టను పట్టివేస్తుంది. ఇంజను పట్టివేయడమంటే వెంట్రుకవాసి తేడాలో జరిగే ప్రమాదమన్నమాట.

మొదటి సాక్షి: నీటిధార

మోటారు వెనుక భాగంలో ఒక చిన్న రంధ్రం నుండి సన్నని ధారగా నీరు చిమ్ముతూ ఉంటుంది. పంపు పనిచేస్తున్నదని తెలియజేసేందుకే దానిని ఏర్పాటు చేశారు. సరంగులందరూ దానివంక ఒక కన్ను వేసి ఉంచుతారు. అది మంచి అలవాటే. కాని ధార వస్తున్నది కదా, ఇక భయం లేదు అనుకోవడం సరికాదు. చాలా నమూనాలలో ఈ ధారను నీటి మార్గపు తొలి భాగంలోనే చీల్చి బయటికి పంపుతారు. పంపు నీరెక్కిస్తున్నదని అది చెప్పగలదు. ఆ నీరు పై సిలిండరు చుట్టూ తిరిగిందని గాని, థర్మోస్టాట్ తెరుచుకొన్నదని గాని అది చెప్పలేదు. ధార చక్కగా వస్తూండగానే పై సిలిండరు కాగిపోవడం అసంభవమేమీ కాదు.

ధార ఆగిపోయినంత మాత్రాన పంపు చెడినదని నిర్ణయించడం కూడ తొందరపాటే. నెలల తరబడి షెడ్డులో నిలిచిన మోటారు రంధ్రంలో కందిరీగలు మట్టిగూడు కట్టడం కద్దు. ఇసుకరేణువు, ఉప్పుగడ్డ అడ్డుపడడమూ కద్దు. ఇంజనును ఆపి, గాలపు నైలాను తాడు ముక్కను ఆ రంధ్రంలోనికి పోనిచ్చి శుభ్రం చేస్తే ధార మరల రావచ్చును. రాకపోతే మాత్రం ఇంజనును నడపకూడదు.

ధారను చూడడమే గాక అప్పుడప్పుడు చేతితో తాకి చూడవలెను. పది నిమిషాలు నడిచిన తరువాత నీరు గోరువెచ్చగా ఉండడం సాధారణం. చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ఆవిరి కలిసి వస్తున్నా, ధార తెగి తెగి వస్తున్నా జాగ్రత్త పడవలెను. నెమ్మదిగా నడిచేటప్పుడు ధార సన్నగిల్లి, వేగం హెచ్చించగానే బలపడడం పెక్కు యంత్రాలకు సహజగుణం. నిన్నటి కంటె ఈనాడు అదే వేగంలో ధార బలహీనపడినదా అన్నదే చూడవలసిన సంగతి.

రెండవ సాక్షి: ఉష్ణోగ్రత

ఇంజను ఒంటి వేడిని నేరుగా కొలవడమే రెండవ సాక్ష్యం. ఎవిన్‌రూడ్, జాన్సన్ మోటార్ల పాత మరమ్మతు పుస్తకాలలో దీనికొక చక్కని పద్ధతి ఉన్నది. నిర్ణీతమైన వేడికి కరిగే మైనపు కణికలు రెండింటిని తీసుకొని సిలిండరు హెడ్డుపై గీతలు గీసేవారు. ఒకటి సుమారు 52 డిగ్రీల దగ్గర, మరొకటి సుమారు 73 డిగ్రీల దగ్గర కరిగేవి. మొదటి గీత కరిగి రెండవది కరగకుండా ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్లు. రెండూ కరిగితే జ్వరం వచ్చినట్లు. మొదటిది కూడ కరగకపోతే ఇంజను అవసరమైన దానికంటె చల్లగా నడుస్తున్నట్లు, అనగా థర్మోస్టాట్ తెరుచుకొని అలాగే ఉండిపోయినట్లు.

నేడు ఆ కణికల పనిని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు చేస్తున్నది. 2020లో కరోనా కాలంలో మన ఫ్యాక్టరీ గేట్ల వద్ద నుదుటికి గురిపెట్టిన పరికరానికి ఇది బంధువే. అయితే నుదుటి థర్మామీటరు మనిషి జ్వరానికి తగిన కొద్దిపాటి పరిధిలోనే పనిచేస్తుంది. ఇంజనుకు అది పనికిరాదు. వర్క్‌షాపులో విద్యుత్తు విభాగం వారు మోటార్లకు, ప్యానెళ్ళకు వాడే పారిశ్రామిక థర్మామీటరునే తీసుకోవలెను.

దానిని వాడడంలో ఒక మెలకువ ఉన్నది. మెరిసే లోహం తన వేడిని తక్కువగా చూపి ఈ పరికరాన్ని మోసగిస్తుంది. కనుక సిలిండరు హెడ్డుపై, ప్రతి స్పార్క్ ప్లగ్గుకు ప్రక్కన, బొటనవేలి గోరంత మేర మెరుపు లేని నల్లరంగు వేసి, ప్రతిసారీ ఆ మచ్చ మీదనే గురిపెట్టవలెను. థర్మోస్టాట్ మూత మీద మరొక మచ్చ వేసుకొంటే ఇంకను మంచిది. పరికరాన్ని జానెడు దూరంలోనికి తెచ్చి కొలవవలెను. దూరం నుండి కొలిస్తే చుట్టుప్రక్కల వేడి కూడ కలిసి లెక్క తప్పుతుంది.

పై మూత తీసి కొలిచేటప్పుడు ఫ్లైవీలు తల మీదనే తిరుగుతూ ఉంటుంది. కండువా, జారిన చొక్కా చేయి, మెడలోని ఐడెంటిటీ కార్డు త్రాడు దానికి అందకుండా చూసుకోవలెను. ఒకరు చుక్కాని పట్టుకొని నడుపుతూండగా మరొకరు కొలవవలెను. ఈ పనిని ఒంటరిగా చేయరాదు.

హారను, గేజీ

కొన్ని మోటార్లకు సిలిండరు హెడ్డులో ఉష్ణ స్విచ్చి ఒకటి ఉండి, వేడి హద్దు మీరగానే హారను మ్రోగుతుంది. చిన్న మోటార్లలో పెక్కింటికి అసలు హారనే లేదు. ఉన్నవాటిలోనైనా పాతికేళ్ళ వయసున్న తీగ మీద గ్రుడ్డి నమ్మకం పనికిరాదు. పరీక్షించడం తేలిక. తాళం చెవిని త్రిప్పి ఉంచి, స్విచ్చి నుండి వచ్చే తీగను విడదీసి ఇంజను లోహానికి తాకిస్తే చాలా నమూనాలలో హారను మ్రోగవలెను. మ్రోగకపోతే ఆపద వచ్చిననాడు కూడ అది మ్రోగదు. ఈ పరీక్షను యంత్రపు పుస్తకం చూచుకొని, ఎలక్ట్రీషియను సాయంతో చేయడం ఉత్తమం.

మరొక సంగతి గమనించవలెను. హారను మ్రోగేది వేడి పుట్టిన తరువాతనే. నీటి వత్తిడిని చూపే చిన్న గేజీ అమర్చుకొంటే నీరు తగ్గిన క్షణంలోనే ముల్లు పడిపోతుంది. వత్తిడి ముందు తగ్గుతుంది, వేడి తరువాత పెరుగుతుంది. ఈ నడుమ దొరికే కొద్ది సమయంలోనే ఇంజను ప్రాణం నిలుస్తుంది. ఏటా వరద పనిలో వాడే పడవలకు ఈ గేజీ ఖర్చు దండుగ కాదని మా అభిప్రాయం.

మూడవ సాక్షి: పుస్తకం

అన్నింటికంటె ముఖ్యమైనదీ, అన్నింటికంటె చౌకైనదీ ఇది. నూరు పేజీల నోటు పుస్తకం ఒకటి.

తల్లి బిడ్డ నుదుటి మీద చేయి వేసి జ్వరం ఉన్నదో లేదో చెప్పగలుగుతున్నది. ఆమెకు ఆ బిడ్డ మామూలు వేడి ఎంతో తెలియడమే కారణం. పాత మోటారు విషయంలోనూ అంతే. ఒకే నమూనాకు చెందిన రెండు మోటార్లు వేర్వేరు వేడిలో నడుస్తూ రెండూ ఆరోగ్యంగా ఉండవచ్చును. కంపెనీ పుస్తకంలోని అంకె అందరికీ చెందినది. మన మోటారు అంకె మన పుస్తకంలోనే దొరుకుతుంది.

ఇంపెల్లరును క్రొత్తది వేసి, నీటిదారులు శుభ్రపరచిన వారంలోనే మొదటి కొలతలు తీసుకోవలెను. ఒక పుటను ఐదు గళ్ళుగా గీసి తేదీ, బయటి నీటి ఉష్ణోగ్రత, పై సిలిండరు, క్రింది సిలిండరు, ధార తీరు అని వ్రాసుకోవలెను. నెమ్మదిగా నడిచేటప్పుడు ఒకసారి, పూర్తి వేగానికి సగంలో పది నిమిషాలు నడిచిన తరువాత మరొకసారి కొలిస్తే చాలును.

ఒక ఉదాహరణ చూద్దాము. మొదటి నెలలో పై సిలిండరు 58, క్రింది సిలిండరు 56 అని వ్రాసుకొన్నామనుకొందాము. ఆరు నెలలకు అదే వేగంలో రెండూ కలిసి 66, 64కు పెరిగినవంటే తప్పు అందరికీ ఉమ్మడి అయిన చోట ఉన్నది. నీరు వచ్చే జల్లెడ, పంపు, థర్మోస్టాట్‌లను చూడవలెను. అట్లు గాక పైది 68 అయి క్రిందిది 57 దగ్గరే ఉన్నదంటే పంపు నిర్దోషి. పై సిలిండరు చుట్టూ నీటిదారి పూడినది, లేదా గాస్కెట్ కారుతున్నది, లేదా ఆ సిలిండరుకు అందే పెట్రోలు, నూనెల మిశ్రమం పలుచబడినది. 68 అన్న అంకెను ఒంటరిగా చూస్తే ఎవరికీ భయం పుట్టదు. ప్రక్కన 58 ఉన్నప్పుడే దాని అర్థం తెలుస్తుంది. వేడి అంతా నీటి లోపం వల్లనే రాదనీ, కార్బురేటరు, ఇగ్నిషను దోషాల వల్ల కూడ రావచ్చుననీ చెప్పగలిగేది ఈ పుస్తకమే.

వేడి ఏ వేగంలో పెరుగుతున్నదో కూడ వ్రాసుకోవలెను. నెమ్మదిగా ఉన్నప్పుడు మాత్రమే వేడెక్కి, వేగం పెంచగానే చల్లబడితే అరిగిన పంపును అనుమానించవచ్చును. నెమ్మదిలో బాగుండి వేగంలో మాత్రమే వేడెక్కితే నీరు చాలినంత రావడం లేదని, జల్లెడలో చెత్త గాని, దారులలో పూడిక గాని ఉన్నదని ఊహించవచ్చును.

ఇంపెల్లరు, థర్మోస్టాట్

రబ్బరు ఇంపెల్లరు బ్రతుకంతా నీటి మీదనే. నీరు లేకుండా కొన్ని క్షణాలు తిరిగినా రెక్కలు కాలిపోతాయి. కనుక ఇంజను స్టార్టు అవుతున్నదో లేదో చూద్దామని ఒడ్డున పొడిగా త్రాడు లాగడం దురలవాటు. నిలువ ఉంచిన మోటారులో రెక్కలు ఒకే వైపు వంగి అలాగే బిగుసుకొనిపోతాయి. వరదనీటి ఒండ్రు, ఇసుక వాటిని సానపట్టినట్లు అరగదీస్తాయి. ఏడాదికొకసారి విప్పి చూడడం, రెండు మూడేళ్ళకొకసారి బాగున్నా మార్చివేయడం మంచి పద్ధతి. వరద పనిలో బురదనీటిలో నడిచిన మోటారుకు ఆ గడువు వరకు ఆగరాదు.

విప్పినప్పుడు రెక్కలను లెక్కపెట్టవలెను. ఒక రెక్క విరిగి కనిపించకపోతే అది మాయం కాలేదు. నీటితో పాటు పైకి పోయి ఏదో ఒక సన్నని దారిలో అడ్డుపడి ఉన్నది. దానిని వెదికి తీయకుండా క్రొత్త ఇంపెల్లరు వేసి మూసివేస్తే ధార చక్కగా వస్తుంది, ఇంజను మాత్రం కాగుతూనే ఉంటుంది. నీటిధార ఒక్కటే సాక్ష్యం కాదన్నది ఇందుకే.

థర్మోస్టాట్‌ను ఇంటి పెరటిలోనే పరీక్షించవచ్చును. వంటకు వాడని గిన్నెలో నీరు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో అడుగుకు తగలకుండా వ్రేలాడదీసి, ప్రక్కన థర్మామీటరు ఉంచి పొయ్యి మీద పెట్టవలెను. దానికి నిర్ణయించిన వేడి దగ్గర తలుపు తెరుచుకొని, చల్లారగానే మూసుకోవలెను. సైన్సు చదివే మన పిల్లలకు ఇది మంచి ప్రయోగం కూడ. వేడెక్కే బాధ పోతుందని థర్మోస్టాట్‌ను పూర్తిగా తీసివేయమని సలహా ఇచ్చేవారున్నారు. అది జ్వరం చూడకుండా ఉండేందుకు థర్మామీటరు పగులగొట్టడం వంటిది. ఇంజను మరీ చల్లగా నడిచి, ప్లగ్గులు మసిపట్టి, పెట్రోలు వృథా అవుతుంది. అసలు దోషం దాగిపోతుంది.

నడుస్తూండగా వేడెక్కితే

ధార ఆగినా, హారను మ్రోగినా, కాలిన వాసన వచ్చినా వెంటనే వేగం పూర్తిగా తగ్గించవలెను. ఇంజను ఆగితే పడవ ఎటు పోతుందో ఒక్క క్షణం ఆలోచించి, ప్రవాహపు నడిమి నుండి ప్రక్కకు తప్పించవలెను. ధార మరల రాకుంటే ఇంజను ఆపి, లంగరు వేయడమో, చెట్టుకు త్రాడు కట్టడమో చేయవలెను. ఆ పైన మోటారును వెనుకకు ఎత్తి జల్లెడను చూడవలెను. ప్లాస్టిక్ సంచి, గుర్రపుడెక్క వేరు, గడ్డిపోచలు చుట్టుకొని ఉండడం వరదనీటిలో తరచుగా జరిగేదే. పదింట అనేక సార్లు చికిత్స అక్కడితో ముగుస్తుంది.

కాగిన ఇంజను మీద చన్నీళ్ళు చల్లకూడదు. హఠాత్తుగా చల్లబడిన లోహం వంకర పోవచ్చును, బీట వారవచ్చును. సిలిండరు హెడ్డు మీద చేయి ఆనించగలిగేంత వరకు, సుమారు అరగంట, ఓపిక పట్టవలెను. ఇంజను బిగుసుకొని ఉంటే త్రాడును బలవంతంగా లాగరాదు. తేలికగా తిరుగుతూ ఉంటే స్టార్టు చేసి, ధారను చూచి, నెమ్మదిగా ఒడ్డు చేరవలెను. ఈ అరగంట కోసమే ప్రతి పడవలో రెండు తెడ్లు, లంగరు, పొడవైన త్రాడు తప్పక ఉండవలెను. ఇవి లేని పడవలో ఎంత మంచి ఇంజను ఉన్నా అది రక్షణ పడవ అనిపించుకోదు.

షెడ్డులో నిలిచిన పడవ

మన యూనిట్లలో ఉన్న అసలు చిక్కు ఇక్కడున్నది. మత్స్యకారుని మోటారు రోజూ నడుస్తుంది. దాని గుణం మారితే ఆ పూటనే అతనికి తెలుస్తుంది. మన మోటారు పదకొండు నెలలు షెడ్డులో నిద్రపోయి, ఒక్క రాత్రి ఉన్నట్టుండి మేల్కొనవలసి ఉంటుంది. ఆ రాత్రి దానికి మొదటి పరీక్ష కారాదు.

కనుక నెలకొకసారి, జీతాల వారంలోనో మరొక గుర్తుండే రోజునో, అరగంట కేటాయించవలసిందిగా సంబంధిత విభాగాల వారిని కోరుతున్నాము. జలాశయంలో దింపడం వీలుకాకపోతే 200 లీటర్ల పీపాలో జల్లెడ పూర్తిగా మునిగేంత నీరు నింపి, ప్రొపెల్లరు తీసివేసి, గేరు తటస్థంగా ఉంచి పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడపవలెను. ఇది ఆరుబయటనే చేయవలెను. మూసిన షెడ్డులో పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణాంతకం. పీపాలోని నీరు త్వరగా వేడెక్కుతుంది గనుక మధ్యలో మారుస్తూ ఉండవలెను. పీపా కొలతలను నదిలో తీసిన కొలతలతో కలపకుండా వేరే పుటలో వ్రాసుకోవలెను.

ఉప్పునీటిలో నడిచి వచ్చిన మోటారును మంచినీటితో కడగడానికీ ఇదే పద్ధతి. ఇందులో ఒక రహస్యం ఉన్నది. ఇంజను వెచ్చబడి థర్మోస్టాట్ తెరుచుకొనేంత వరకు మంచినీరు హెడ్డులోని దారులన్నింటికీ సరిగా చేరదు. రెండు నిమిషాలు కడిగి ఆపివేస్తే ఉప్పు చాలవరకు లోపలనే మిగిలిపోతుంది. పది పదిహేను నిమిషాలు కడగవలెననడంలోని అంతరార్థం అదే.

పడవ ఎక్కే మనవారికి

సెలవులలో కుటుంబంతో జలాశయాలలోను, కేరళ బ్యాక్‌వాటర్లలోను పడవ విహారానికి వెళ్ళేవారికి నాలుగు మాటలు. పడవ కదలకముందే ప్రతివారూ లైఫ్ జాకెట్ తొడుగుకొని, త్రాళ్ళు బిగించుకోవలెను. పిల్లలకు పిల్లల కొలత జాకెట్లనే అడగవలెను. తెడ్లు, త్రాడు ఉన్నవో లేవో చూడవలెను. వెనుక అవుట్‌బోర్డ్ మోటారు ఉంటే నీటిధార వస్తున్నదా అని చూచి, లేకుంటే సరంగుగారితో మర్యాదగా ఒక మాట చెప్పవలెను. మంచి సరంగు దానికి కోపించడు, సంతోషిస్తాడు.

యంత్రం చెడేముందు ఏదో ఒక విధంగా మనతో మాట్లాడుతుంది. ధార సన్నబడడం ఒక మాట, వేడి రెండు డిగ్రీలు పెరగడం ఒక మాట. నిన్నటి మాట వ్రాసిపెట్టుకొన్నవారికే ఈనాటి మాటలోని తేడా వినిపిస్తుంది. వర్షాకాలం రాకముందే ప్రతి యూనిట్ షెడ్డులో మోటారు ప్రక్కన ఒక నోటు పుస్తకం, దానికి కట్టిన ఒక పెన్సిలు, మొదటి పుటలో మొదటి కొలతలు ఉండగలవని ఆశిస్తున్నాము. తమ పుస్తకాలలో ఆరు నెలల అంకెలు చేరిన తరువాత మాకు పంపితే, వాటిని ఈ శీర్షికలోనే అందరితో కలిసి పరిశీలించగలము.

వచ్చే సంచికలో ఇంటి నీటి మోటారు మాటిమాటికీ ట్రిప్పు కావడానికి గల కారణాలను తెలుసుకొందాము.